వలసల మీద చదువుకోవాలనుంది, ఎటు పోవాలి?

ప్రశ్న: మేడమ్, మాది గీసుగొండ దగ్గర ఒక పల్లె. చేనేత కుటుంబం. మా నాన్న పదిహేడేళ్లు సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసి, చూపు మందగించి ఇంటికొచ్చాడు. మా బావ దుబాయ్‌లో ఉన్నాడు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ సోషియాలజీ చేశాను, 66 శాతం మార్కులు. వలసలు, శరణార్థుల విధానాల మీద పరిశోధన చేయాలని ఉంది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు, లేకపోతే గ్రూప్-2 కోచింగ్‌కు పొమ్మంటున్నారు. ఒక కన్సల్టెన్సీలో అడిగితే "ఆ కోర్సుకు వాల్యూ లేదు, ఎంబీఏకి లండన్ పంపిస్తాం" అన్నారు. ఇలాంటి చదువు నిజంగా ఉందా? నాలాంటి వాళ్లకు అందుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, వరంగల్ జిల్లా

సమాధానం: బిడ్డా, నీ ఉత్తరంలో మీ నాన్న గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. పదిహేడేళ్లు సాంచాల చప్పుడులో బతికిన మనిషి ఇంట్లో ఉన్నాడు. వలస గురించి చదవాలన్న కోరిక నీకు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. నీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఆ చదువు ఉంది. నీకు అందుతుంది కూడా. కన్సల్టెన్సీ వాళ్ల మాట పట్టుకుని నిద్ర పాడుచేసుకోకు. ఏ కాలేజీలతో ఒప్పందం ఉంటే ఆ కోర్సులకే వాళ్లు విలువ కడతారు.

శరణార్థికి మన భాషలో పాత మాట ఒకటుంది, కాందిశీకుడు. పేపర్లలో చూసే ఉంటావు. సంస్కృతంలో "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు?" అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. మీ నాన్న అలా పోయి ఉండడు. ఏ షెడ్డులో పని ఉందో, అక్కడ ఎవరింట్లో దిగాలో తెలుసుకునే వరంగల్ స్టేషన్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటాడు. అది వలస. ప్రాణభయంతో దేశం సరిహద్దు దాటితే శరణార్థి. అదే ప్రాణభయంతో పారిపోయినా సరిహద్దు దాటకుండా సొంత దేశంలోనే చెల్లాచెదురైతే శరణార్థి అనరు. వాళ్లకు ఇంగ్లిష్‌లో ఐడీపీలని పేరు. తెలుగులో అంతర్గత నిర్వాసితులు అంటున్నారు కానీ ఆ మాట ఇంకా జనం నోట్లోకి రాలేదు. ఈ గీతలు ఎవరు గీశారు, ఏ గీత ఇవతల ఉంటే ఏం దక్కుతుంది, అవతల పడితే ఏం పోతుంది? నువ్వు చదవాలనుకుంటున్నది దీన్నే.

ప్రపంచం మొత్తానికి ఆధారం 1951 నాటి శరణార్థుల ఒప్పందం. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం, ఈ ఐదింటిలో దేనివల్లనైనా తనను హింసిస్తారన్న భయంతో దేశం దాటినవాళ్లే దాని ప్రకారం శరణార్థులు. మొదట్లో యూరప్‌లో రెండో ప్రపంచయుద్ధం వల్ల చెదిరిపోయినవాళ్ల కోసం రాసుకున్నది, 1967లో కాలం హద్దు, ప్రాంతం హద్దు తీసేశారు. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. రోహింగ్యాలకు, అఫ్గాన్లకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్డులిస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్న రోహింగ్యా కుటుంబాల దగ్గర ఉండేది ఆ కార్డే. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అందులో కూడా శరణార్థి అన్న వర్గానికి విడిగా చోటు పెట్టలేదు. చట్టం లేని చోట విధానం ఎలా నడుస్తుంది, ఎవరి విచక్షణ మీద నడుస్తుంది అన్నదే ఎంతోమంది పీహెచ్‌డీలకు సరిపోయే విషయం.

ఇక మన దగ్గరికి వద్దాం. కొన్నేళ్ల కింద ములుగు జిల్లా అడవిలో గుత్తికోయ ఆదివాసుల గుంపుకు, అంటే చిన్న గూడేనికి, సర్వే కోసం వెళ్లాను. ఆ గుంపు పేరు రాయను, ఎందుకో తర్వాత చెప్తాను. ఇరవై ఇళ్లు ఉంటాయేమో. తడికెల గోడలు, పైన గడ్డి. వాగు ఇసుకలో తవ్విన చెలిమ దగ్గర ఒక ముసలామె సొరకాయ బుర్రతో నీళ్లు తోడుతోంది. మా ఫారంలో మూడో ప్రశ్న, "మీ సొంత ఊరు ఏది?" మాతో వచ్చిన కుర్రవాడు కోయ భాషలో అడిగాడు. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. బుర్ర ఇసుకలో పెట్టి, చెలిమలో నీళ్లు తేటపడేదాకా చూసింది. తర్వాత ఆమె అన్న మాటను ఆ కుర్రవాడు మాకు ఇలా చెప్పాడు: "ఏ ఊరు అడుగుతున్నరు? కాలిపోయిందా, వదిలిపెట్టి వచ్చిందా, ఇక్కడ వేసుకుంటే పీకేసిందా?" మా ఫారంలో ఉన్నది ఒక్క గడి. అందులో ఏం రాయాలో మాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఏ ఫారం చూసినా ముందు ఆ గడి వైపే చూస్తాను.

ఆ గుంపులు అక్కడికి ఎందుకొచ్చాయో నీకు కొంత తెలిసే ఉంటుంది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, అంటే మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళాల ఉద్యమం, మొదలైంది. అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. బీజాపూర్, దంతెవాడ, సుక్మా వైపు ఆదివాసులు గోదావరి అడవుల్లోకి, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. ఇప్పుడు ఒక తేదీ గుర్తుపెట్టుకో. అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం మొదలైన ఆరు నెలలకు ఆ గీత పడింది. ఆ తర్వాత ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవాళ్లంతా గీతకు అవతలే. సొంత రాష్ట్రంలో ఉన్న ఎస్టీ హోదా కూడా రాష్ట్రం మారితే వెంట రాదు. దేశం దాటలేదు కనుక శరణార్థులు కారు. కూలి కోసం రాలేదు కనుక వలస కార్మికులూ కారు. అంతర్గత నిర్వాసితుల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది, కానీ వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం ఏ దేశం మీదా లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠంగా చెప్పే సమస్య నీకు ఏటూరునాగారం బస్సెక్కితే ఎదురవుతుంది.

అది ఒక్కటే కాదు. పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ నుంచి మనవాళ్లు గల్ఫ్‌కు పోతారు. ఉత్తర తెలంగాణ ఒకే సమయంలో మనుషులను పంపే చోటు, రప్పించుకునే చోటు కూడా. ఇలాంటి చోట పుట్టడం పరిశోధకురాలికి పెద్ద ఆస్తి.

గల్ఫ్ సంగతే చూడు. మీ బావను అడిగితే ఆజాద్ వీసా (ఎక్కడైనా పని చేసుకోవచ్చని ఏజెంట్లు అమ్మే వీసా), కఫీల్ (వీసా ఇప్పించే యజమాని), ఖల్లివెల్లి (యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉండిపోయినవాడు), ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) అన్న మాటలు వరసగా చెప్తాడు. 1983 నాటి మన ఎమిగ్రేషన్ చట్టంలో "ఆజాద్ వీసా" అన్న మాట ఎక్కడా కనిపించదు. కానీ మన పల్లెల్లో ఎంతమంది జీవితాలను ఆ మాట నడిపిస్తోందో! పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమన్న కేటగిరీ ఉంటుంది. 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వాళ్లకు ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి, దాంతోపాటు 10 లక్షల బీమా ఉంటుంది. ఏజెంటు విజిట్ వీసా మీద పంపితే ఆ రక్షణ అంతా తప్పిపోతుంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. అది ఎవరికి అందింది, ఏ కాగితం లేక ఎవరికి అందలేదు అని ఒక్క మండలంలో తిరిగి రాసినా మంచి డిసర్టేషన్ అవుతుంది.

మీ ఊరి పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. సూరత్, భివండీ పోయిన నేతన్నలను వెనక్కి రప్పిస్తామన్న మాటతోనే గీసుగొండలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. ఎంతమంది వచ్చారు? వచ్చినవాళ్లు ఏ పనిలో కుదిరారు? రానివాళ్లు ఎందుకు రాలేదు? మీ నాన్నను తెలిసినవాళ్లు కనుక వాళ్లు నీతో మాట్లాడతారు. ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్లతో అలా మాట్లాడరు. అందుకే చెప్తున్నాను, ఏ యూనివర్సిటీ అని వెతకడానికి ముందు నీ ప్రశ్న ఏదో ఒక పేజీలో రాసుకో. తెలుగులోనే రాయి. ప్రశ్న తేలితే ఎక్కడ చదవాలో సగం తేలిపోతుంది.

ఎక్కడెక్కడ అంటే, గల్ఫ్ వైపు మనసుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రవాస భారతీయుల మీద 1996లోనే ఒక అధ్యయన కేంద్రం పెట్టారు, ముందు అది చూడు. లెక్కలంటే భయం లేకపోతే ముంబైలో ఐఐపీఎస్ ఉంది, జనాభా శాస్త్రానికి దేశంలో పెద్ద చోటు. వలసను కొలవడం అక్కడ బాగా నేర్పుతారు. కొలవడం చిన్న విషయం కాదు బిడ్డా. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వలసపోయినవాళ్లు 45 కోట్ల పైచిలుకు. అందులో పెద్ద భాగం పెళ్లై అత్తారింటికి పోయిన ఆడవాళ్లు. అదే లెక్కల్లో ఆరు నెలలకు వచ్చిపోయే బట్టీ కూలీ సరిగా కనిపించదు. ఇది తెలియకుండా 45 కోట్లని వ్యాసం రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. తిరువనంతపురంలోని సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్) 1998లో కేరళ మైగ్రేషన్ సర్వే మొదలుపెట్టింది. అప్పటి నుంచి కొన్నేళ్లకోసారి ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తూనే ఉన్నారు. కేరళకు తన వలసల గురించి తెలిసినంత మనకు మన వలసల గురించి తెలియదు. ఆ లోటు తీర్చేవాళ్లలో నువ్వు ఒకరివి కావాలని నాకు నిజంగా ఉంది.

శరణార్థుల విషయానికి కోల్‌కతాలోని కలకత్తా రీసెర్చ్ గ్రూప్‌ను మించింది మన దేశంలో నాకు కనిపించలేదు. 2003 నుంచి బలవంతపు వలసల మీద చిన్న కోర్సు, వర్క్‌షాప్ నడుపుతున్నారు. చట్టం వైపు ఆసక్తి ఉంటే ఢిల్లీలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా మానవ హక్కులు, శరణార్థుల చట్టాల మీద పీజీ డిప్లొమా ఇస్తుంది.

విదేశాల్లో ఈ చదువుకు పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్‌లోని రెఫ్యూజీ స్టడీస్ సెంటర్. బార్బరా హారెల్-బాండ్ అనే మానవ శాస్త్రవేత్త 1982లో మొదలుపెట్టింది. ఉగాండా నుంచి దక్షిణ సూడాన్‌కు పారిపోయి వచ్చినవాళ్ల మధ్య తిరిగి, వాళ్లను అడగకుండా చేసే సాయం వాళ్లకే ఎలా చేటవుతుందో చూపించిన మనిషి ఆమె. అక్కడి ఎంఎస్సీ తొమ్మిది నెలలే, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి పోవద్దని కచ్చితంగా చెప్తున్నాను. టొరంటోలోని యార్క్, ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీల్లో కూడా మంచి కేంద్రాలున్నాయి. నీలాంటి అమ్మాయికి నేను ముందు చెప్పేది జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ నడిపించే ఎమ్మిర్ అనే, వలసల మీద రెండేళ్ల ఉమ్మడి మాస్టర్స్. యూరప్, ఆఫ్రికా యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు.

డబ్బు దగ్గర కొంచెం వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. నువ్వు బీసీవే అయితే రాష్ట్ర ప్రభుత్వ మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి ఉంది. 20 లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. నీ ఎంఏ మార్కులు చెప్పావు కానీ డిగ్రీ మార్కులు చెప్పలేదు, అవి చూసుకో. ఏయే దేశాలు, ఏయే సబ్జెక్టులు అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదివాకే అడుగు వెయ్యి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకే అనుకుంటారు. అందులో సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు కూడా కొన్ని సీట్లున్నాయి. చేనేత కుటుంబాలవాళ్లు దాని గురించి అడగాలి. కాకపోతే 2022లో నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, చరిత్ర, సామాజిక అంశాల మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వమన్నారు. గుత్తికోయల మీద విదేశంలో పరిశోధన చేస్తానని దరఖాస్తు పెడితే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. మన పిల్లలు మన నేల గురించే విదేశంలో చదవడానికి మన డబ్బు పనికిరాదనడం నాకు బాధగా ఉంది. ఎప్పటికైనా మారాలి. అప్పటిదాకా తెలుసుకుని నడుచుకో. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల ఉద్యోగ అనుభవం అడుగుతారు, అంటే ఇప్పుడే కాదు.

ఇప్పుడే నీ చేతిలో ఉన్నది యూజీసీ నెట్ పరీక్ష. ఏడాదికి రెండుసార్లు పెడతారు. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. జేఆర్ఎఫ్‌కు వయసు 30, ఆడపిల్లలకు, బీసీలకు ఐదేళ్ల సడలింపు. మీ అమ్మానాన్నలకు ఆక్స్‌ఫర్డ్ గురించి చెప్పకు, ముందు ఇది చెప్పు. నెలనెలా డబ్బొచ్చే చదువు అంటే వాళ్ల గుండె నిమ్మళమవుతుంది. వాళ్లది మొండితనం కాదు. మీ నాన్న పదిహేడేళ్లు ఇంటికి దూరంగా ఉన్నది నీకు గట్టి ఉద్యోగం రావాలనే. రెండు సార్లు నెట్ రాస్తాను, రాకపోతే బీఈడీ చేస్తానని మాటివ్వు. ఆ మాట నిలబెట్టుకో కూడా. బీఈడీ చేసినా ఈ దారి మూసుకుపోదు. నేను ఎరిగిన మంచి ఫీల్డ్ పరిశోధకుల్లో ఇద్దరు స్కూలు టీచర్లు. ఒక్క సంగతి దాచను. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, ఉన్నవి ఎక్కువగా ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులు. అది తెలిసే రా.

ఇంగ్లిష్ గురించి నువ్వు ఎక్కువ భయపడుతున్నావు. ఫోర్స్‌డ్ మైగ్రేషన్ రివ్యూ అనే పత్రిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండు మూడు పేజీల వ్యాసాలు, తేలికైన ఇంగ్లిష్, శరణార్థులే స్వయంగా రాసినవి కూడా ఉంటాయి. వారానికి ఒక వ్యాసం చదివి, దాని సారం పది వాక్యాల్లో తెలుగులో రాయి, మర్నాడు ఆ పది వాక్యాలను పుస్తకం చూడకుండా ఇంగ్లిష్‌లో రాయి. ఆరు నెలలు చేస్తే నీకే తేడా తెలుస్తుంది. నేను ఇలాగే నేర్చుకున్నాను.

గుంపు పేరు ఎందుకు రాయలేదో చెప్తానన్నాను. మనం రాసే ప్రతి పేరు, తీసే ప్రతి ఫొటో ఆ మనుషుల మీదికి ఎవరినో ఒకరిని తీసుకొస్తుంది. కాగితాలు లేనివాళ్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఒక్క మాట కూడా రికార్డు చేయకు. ఇంకోటి, తొందరపడకు. 2020 మేలో మీ మండలంలోనే గొర్రెకుంట బావిలో తొమ్మిది మంది శవాలు దొరికాయి, అందరూ బతుకుదెరువుకు వచ్చినవాళ్లు, ఎక్కువమంది ఒకే కుటుంబం. లాక్‌డౌన్‌లో పని పోయి, ఆకలికి తాళలేక చచ్చిపోయారని చాలామంది అనుకున్నాం. నేనూ నమ్మాను, పదిమందికీ చెప్పాను. దర్యాప్తులో అది ఒక్క మనిషి చేసిన హత్యలని తేలింది, కోర్టు శిక్ష వేసింది. వలస కార్మికుల మీద జాలి ఉన్నంత మాత్రాన మనకు నిజం తెలిసినట్టు కాదు. ఏళ్ల తరబడి ఇక్కడ బతికిన ఆ కుటుంబం చుట్టుపక్కలవాళ్లకు ఎంతవరకు తెలుసు అన్న ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాకతీయలో మీ డిపార్ట్‌మెంట్ మేడమ్‌నో సార్‌నో కలిసి, నీ ఒక పేజీ చూపించు. కోల్‌కతా వర్క్‌షాప్‌కు దరఖాస్తు పెట్టాలన్నా, ఇంకెక్కడికైనా సిఫారసు ఉత్తరం కావాలన్నా వాళ్లే రాయాలి. కానీ దానికంటే ముందు, ఈ ఆదివారం మీ నాన్న పక్కన కూర్చో. అడిగి, ఆయన సరేనంటే ఫోన్ ఆన్ చెయ్యి. మొదటిసారి రైలెక్కింది ఏ ఏడాది, ఎవరు తీసుకుపోయారు, ఎన్ని సాంచాలు నడిపేవాడు, మీటరుకు ఎంత వచ్చేది, పండక్కి రాలేని ఏడాది ఎక్కడ తిన్నాడు. మధ్యలో అడ్డు తగలకు. ఆయన ఆగిపోతే నువ్వూ ఆగు. ఆ రికార్డింగ్ విని రాసుకున్నాక నాకు మళ్లీ ఉత్తరం రాయి.